వెల్లవేసిన గోడ

దోషమును తొలగించుకొనుట వేరు; అది కనబడకుండ చేసికొనుట వేరు. ఈ భేదము వినుటకు మిక్కిలి సులభము. కాని ఆచరణలో మనము రెండవది చేసి, మొదటిది చేసితిమని తృప్తిపడుచుందుము. ఈ సంగతి నాకు ఒక గోడ నేర్పినది.

సూరతు నగరమునకు నైరుతి దిశగా, అరేబియా సముద్రతీరమున డుమస్ కలదు. అచటి నల్లని యిసుక ప్రసిద్ధము. సూరతులోని మరమగ్గముల పనికై తెలంగాణము నుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు ఆ నగరమున అనేకము స్థిరపడినవి. అట్టి కుటుంబమునకు చెందిన యొక గృహస్థు డుమస్‌లో చిన్న యిల్లు కొని, అందొక భాగమును అద్దెకిచ్చుచుండెను. కొన్నేండ్ల క్రిందట, వేసవిలో, నేను వారి యింట బసచేసితిని. అద్దెభాగమందలి పడకగదిలో నేల మొదలు నడుము ఎత్తు వరకు గోడపై గోధుమవన్నె మరక యుండెను. దానిపై మునుపు వేసిన రంగు బొబ్బలెక్కి, పెచ్చులుగా ఊడుచుండెను. వారము దినములలో క్రొత్తవారు ఇల్లు చూడ రానుండిరి.

“స్వామీజీ, ఇప్పటికి పైన రంగు వేయించిన చాలదా?” అని ఆయన అడిగెను.

“చాలును, చిన్న మరకయే కదా” అంటిని. ఆ మాట నేను ఆలోచించి అనలేదు.

వర్షకాలమున మరల అటు పోవుట తటస్థించినది. అద్దెకు వచ్చిన యామెకు నాలుగేండ్ల బిడ్డ కలడు, వానికి ఉబ్బసము. క్రొత్త రంగును చీల్చుకొని మరక మరల పైకి వచ్చియుండెను. దాని అంచున నల్లని బూజు పట్టెను. రాత్రులందు బిడ్డ దగ్గుచుండెనట. ఆమె ఎవరిని నిందింపలేదు. “ముందుగా చెప్పియున్నచో, వాని మంచమును ఆ గోడ ప్రక్కన వేసియుండను గదా!” అని మాత్రము అనెను. ఆ దగ్గునకు ఆ చెమ్మయే కారణమని నేను నిశ్చయముగ చెప్పజాలను. కాని చెమ్మయు బూజును గల యిండ్లలో నివసించువారికి ఉబ్బసము మున్నగు శ్వాసరోగముల బాధ హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శక గ్రంథము తెలుపుచున్నది. నా యొక్క మాట విలువ నాకప్పుడు తెలిసినది.

గోడ ఏల అట్లు చేయును? ఇటుకయందు కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు కలవు. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు, అవి నేలలోని నీటిని పైకి పీల్చును. ఆ నీటిలో లవణములు కరిగియుండును. గోడ ఉపరితలమున నీరు ఆవిరియైపోగా, ఉప్పు స్ఫటికములుగా పేరుకొని, రంగును పూతను వెలికి త్రోయును. సముద్రతీరమున మరియొక చిక్కు కలదు: గోడలో చేరిన ఉప్పు గాలిలోని తేమను సయితము ఆకర్షించును. కావున నీరు రాకున్నను గోడ చెమర్చుచునే యుండును. దానిపై దట్టమైన నూనెరంగు పూసినచో తేమకు దారి మూసికొనిపోవును. అది లోలోపలనే పైకి ప్రాకి, వేరొకచోట బయటపడును. అనగా, కప్పినందువలన దోషము నిలిచినచోటనే నిలువదు, విస్తరించును.

మనస్సు విషయమును ఇట్టిదే. కర్మేంద్రియములను బిగబట్టి, మనస్సుచే విషయములను స్మరించువానిని గీత మూడవ అధ్యాయమున మిథ్యాచారుడు అన్నది. కోపమును చిరునవ్వుతో కప్పినవాడు దానిని ఇంటిలోని దుర్బలునిపై వెలిగ్రక్కుట మనమెరుగని విషయమా?

అట్లయిన, ప్రతి దోషమును లోకమునకు చాటవలెనా? కప్పుట యంతయు కపటమేనా? కాదు. పండుగకు ఇంటికి వెల్లవేయుట మోసము కాదు. సిగ్గు మానవునకు సహజరక్షణము. తన వ్రణమును వీథిలో విప్పి చూపుట వినయము కాదు, ఒక్కొక్కప్పుడు అదియు అహంకారమే. మరి హద్దు ఎచ్చట? నాకు తోచునది ఇది: ఆ గోడ ప్రక్కన నిద్రింపబోవువానికి చెప్పితీరవలెను. దారిన పోవువానికి చెప్పనక్కరలేదు. మన లోపమువలన ఎవనికి హాని కలుగునో, వానికి దానిని తెలిసికొను హక్కు కలదు. అతనినుండి దాచుటయే అసత్యము.

సదుద్దేశము కూడ ఇచట చాలదు. 1920 ప్రాంతమున నిజాము ప్రభుత్వము అజంతా చిత్రములను రక్షింపగోరి ఇటలీ నుండి నిపుణులను రప్పించినది. వారు పూసిన లక్కపూత కాలక్రమమున పసుపువారి, నల్లబడి, ఆ చిత్రములనే మరుగుపరచినది. దానిని తొలగించుటకు తరువాతివారు ఎంతయో శ్రమపడవలసివచ్చెను. నా సలహాయందును దురుద్దేశము లేదు. కాని బిడ్డకు దానివలన కలిగిన ఊరట ఏమి?

నేను ఆమెకు, ఆ గృహస్థునకు, ఆ సలహా నాదేనని చెప్పి క్షమాపణ వేడితిని. మంచము వేరొక గదికి మారినది. వానలు వెలిసిన పిమ్మట ఆయన గోడ చికిత్సకు పూనుకొనెను. మొదట చెమ్మ ఎక్కడినుండి వచ్చుచున్నదో వెదకించెను: గొట్టమా, కప్పా, నేలయా? పునాది చెంతకు చేరు నీటిని మళ్లించెను. పాడైన పూతను ఇటుక కనబడువరకు చెక్కించెను. ఉప్పును పొడి కుంచెతో దులిపించెను. నీటితో కడుగరాదు, కడిగినచో ఉప్పు మరల కరిగి గోడలోనికే పోవును. పిమ్మట గోడను ఆరనిచ్చెను. అంగుళము మందమునకు సుమారొక నెల పట్టునని మేస్త్రీలు చెప్పెదరు. ఆపైననే గాలి ఆడు సున్నపు పూత, సున్నపు వెల్ల.

సాధకునకు ఇందు పాఠము కలదు. మూలమును అన్వేషింపక శాఖలను కోయుట వ్యర్థము. చేసిన తప్పునకై ఎడతెగక విలపించుట, ఉప్పును నీటితో కడుగుట వంటిది. దోషము మరల మనస్సులోనికే ఇంకును. ఒప్పుకొని, సరిదిద్దుకొని, నిబ్బరముగ ఉండవలెను. ఆరక మునుపే రంగు పూయరాదు; నిన్నటి వ్రతమును నేడే లోకమునకు చూపరాదు.

అన్ని నెలలు ఆ గోడ వికారముగ, ఇటుకలు బయటపడి యుండెను. చూడవచ్చినవారికి గృహస్థు దాచక చూపుచుండెను. ఆ యింటిలో అంత నిజాయితీగల గోడను నేను మునుపు చూచియుండలేదు.