పచ్చికబయలు - పెంపుడు కుక్క - శ్రావకధర్మము



వారమంతయు చిక్కపేటలో బేరముల నడుమ గడపిన మన కుటుంబములు ఆదివారమునాడు గాలిమార్పునకై హెసరఘట్ట పచ్చికబయలునకు పోవుచున్నవి. పిల్లలతో పాటు పెంపుడు కుక్కయు కారులో నుండును. దిగగానే దాని త్రాడు విప్పుదుము. మేడమీద బంధింపబడిన ప్రాణి, ఒక గంట స్వేచ్ఛగా పరుగెత్తనిమ్మని మన దయ. ఆ దయకు వెల ఎవరి పద్దున పడుచున్నదో చూడుడు.

1894లో అర్కావతిపై కట్టిన చెరువు ప్రక్కనున్న ఆ నేల చూపునకు బీడు. 5,000 ఎకరములకు మించిన ఆ బయలును సంరక్షించుటకు ఏండ్లకొలది వాదము నడచి, 2024లో రాష్ట్ర మంత్రివర్గము సమ్మతించినది. అచ్చట తీతువు గూడు కట్టదు; కటికనేలపై చిన్న గుంటలో మట్టిరంగు మచ్చల గ్రుడ్లు పెట్టును. భరతపక్షి గడ్డిదుబ్బు మొదట పెట్టును. చలికాలమున వచ్చు పిల్లిగద్దలు రాత్రి నేలమీదనే విశ్రమించును. కుక్క దేనిని కరవకున్నను, వాసన చూచుచు పోయిన చాలును; తల్లి లేచిపోవును, గ్రుడ్డు ఎండకు మాడును, లేదా కాకి పాలగును.

వానకు నేల జీవమయమగునని చాతుర్మాస్యమున మన సాధుసాధ్వులు విహారము మానుదురు. గురువు అడుగు ఆపిన కాలమున శ్రావకుని కుక్క పరుగెత్తవచ్చునా?

“తత్త్వార్థసూత్రము అహింసావ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో మొదటిది బంధమే గదా, కుక్కను కట్టుట దోషము కాదా?” అని మన ఇండ్లలో అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పూర్వాచార్యులు దీనిని విచారించియే యున్నారు. నిర్దయగా, కదలనీయక బిగించుట నిరపేక్షబంధము. అవసరమునకు, వదులు ముడితో, నిప్పంటుకొన్నచో వెంటనే విప్పవీలగునట్లు కట్టుట సాపేక్షము. దాని వలన వ్రతము చెడదు. బయలులో యజమాని చేతనున్న త్రాడు ఈ రెండవది. వారమంతయు మేడమీద వేసిన గొలుసే మొదటిది! దానిని విప్పి, ప్రతిదినము ఉదయము వీధిలో త్రిప్పుడు. అంగడి తెరచుట అరగంట ఆలస్యమగును, కానిండు. ఆ దయ మన కాలముతో చెల్లినది, పిట్ట గ్రుడ్డుతో కాదు.

ఈర్యాసమితి గల సాధువు ముందు నాలుగు మూరల నేల చూచి నడచును. కుక్కకు ఆ చూపు లేదు, మనమే చూడవలెను. త్రాడు నాలుగు మూరలకు మించనీయకుడు, కాలిబాట విడువకుడు. రోగముల టీకాలు వేయించుడు. మన కుక్క రోగము నక్కలకును సోకును. మిగిలిన రొట్టెలు గడ్డిలో పారవేయుట జీవదయ యనుకొందురు కొందరు. వాటికై ఊరకుక్కలు గుంపు గూడి, పిదప గ్రుడ్లను పిల్లలను వెదకును. ఊరికి తెచ్చి అచ్చట పెట్టుడు.

తీతువు అరచుచు మీ తలపై తిరిగినచో గ్రుడ్లు దాపుననే యున్నవి. కుక్కను దగ్గరకు తీసికొని, వచ్చిన దారినే మరలుడు.