చూపు నిలిచిన చోటికే చేయి

సైకిలు నేర్చుకొన్న దినములు మనలో అనేకులకు జ్ఞాపకముండును. దారియంతయు ఖాళీయే, మధ్యను ఒక్క రాయి. దానిని తప్పించవలెనని దానినే చూచుచు పోయితిమి, సరిగా దానిమీదనే పడితిమి. చేయి మన మాట వినలేదు. కంటి మాట విన్నది.

శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. మైకేల్ లాండ్, డేవిడ్ లీ అను వారు స్కాట్లాండులోని ఎడిన్‌బరో పట్టణమున, వంపుల రోడ్డుమీద కారు నడుపువారి చూపును కొలిచి, 1994లో ఫలితమును ప్రకటించిరి. మలుపునకు ఒకటి రెండు సెకండ్లు ముందుగానే కన్నులు ఆ మలుపు లోపలి అంచునకు పోయినవి. చేతులు తరువాత తిరిగినవి. 1995లో లాండ్, హార్వుడ్ అను వారు తెరమీద రోడ్డును చూపి మరల పరీక్షించిరి. దూరపు భాగము మాత్రమే కనబడినప్పుడు వంపు తిరుగగలిగిరి గాని రోడ్డుపై తమ చోటును సరిగా నిలుపుకొనలేకపోయిరి. దగ్గరి భాగము మాత్రమే కనబడినప్పుడు నడక కుదుపులపాలయ్యెను.

ఇప్పుడు మన ప్రశ్న ఇది: తప్పు చేతితో మొదలగునా, చూపుతోనా? “చూచినంత మాత్రమున ఏమి?” అని మనమందుము. నిజమే, త్రోవలో రాయి కనబడుట మన దోషము కాదు. దానిమీద చూపును నిలుపుట మాత్రము మన పనియే. పొరుగువాని గట్టును దినదినము ఆశతో చూచువాని నాగలి ఒకనాడు ఆ గట్టును కొరుకును. ఆనాడు అతడు “ఎట్లు జరిగెనో తెలియదు” అనును.

తప్పునకు భయపడువానికిని ఈ అపాయము కలదు. త్రాగుడు మానదలచినవాడు సాయంకాలమంతయు సారాయి కొట్టునే తలంచి వణకుచుండిన, కాళ్లు అటే పోవును. అతడు ఇంటిని, తనకొరకు ఎదురుచూచు బిడ్డలను చూడవలెను. మేడి పట్టి వెనుకకు చూచువానిగూర్చి ప్రభువు చెప్పినది (లూకా 9:62) దున్నెడివారికి వివరింప నక్కరలేదు. గురి తప్పిన చాలు వంకరపోవునని వారెరుగుదురు.

అయినను దూరపు గురి ఒక్కటే చాలదు. పరలోకమువైపు చూచుచున్నామని చెప్పుచు, వాకిట నిలిచిన ఆకలిగొన్నవానిని చూడకపోయినయెడల, మనము దారి తెలిసియు గుంటలో పడినవారమగుదుము. దూరమును చూడవలెను, దగ్గరను చూడవలెను.

మన చేతులు చేసినవాటిని లెక్కించుకొనుట మనకు అలవాటే. ఈ రాత్రి పండుకొనక మునుపు మరియొకటి అడిగికొందము: నేడు మన చూపు ఎక్కువసేపు ఎక్కడ నిలిచెను?