అమ్మ పొట్టిదైతే

బిడ్డ చిన్నగా పుడితే ఎవరిని ప్రశ్నించాలి? మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న పుట్టకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది: "సరిగా తినలేదు." అలా అనేవాళ్ళలో ఆమె కంచంలోకి ఏం వచ్చిందో చూసినవాళ్ళు తక్కువ.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి కాదు నేను చెప్పేది. ఎన్ని వారాలకు పుడితే అన్ని వారాల పిల్లల బరువుల వరుసలో అట్టడుగు పది శాతంలో ఉన్న బిడ్డని, గర్భంలో గడిపిన కాలానికి తగ్గ బరువు లేని బిడ్డగా వైద్యులు లెక్కిస్తారు. 32 వారాలకి 1800 గ్రాములతో పుట్టిన బిడ్డ ఇందులోకి రాదు. 40 వారాలకి 2600 గ్రాములున్న బిడ్డ వస్తుంది, 2500 దాటిందని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నా సరే.

మరి ఆ వరుస ఎవరి పిల్లలతో కట్టారు? అమెరికాలోని డెన్వర్‌లో పుట్టిన పిల్లల బరువులతో 1960లలో వేసిన పట్టికలు చాలాకాలం దేశదేశాలు తిరిగాయి. మన పిల్లలు వాటికి అందకపోతే "మనవాళ్ళ తీరే అంత" అని సరిపెట్టుకున్నారు. 2014లో వెలువడిన ఇంటర్‌గ్రోత్ అధ్యయనం నాగపూర్‌తో సహా ఎనిమిది దేశాల నగరాల్లో తిండికి లోటులేని, ఆరోగ్యంగా ఉన్న గర్భిణులను ఎంచుకుని చూసింది. అలాంటి తల్లుల బిడ్డల ఎదుగుదల దేశాన్నిబట్టి పెద్దగా మారదని చెప్పింది.

దీనికి ఎదురువాదం ఉంది. తల్లి ఎత్తు, బరువు, జాతి, ఎన్నో కాన్పు అన్నీ చూసి ఒక్కో తల్లికి ఒక్కో కొలబద్ద పెట్టాలని. వినడానికి స్త్రీల మధ్య తేడాలను గౌరవించినట్టే ఉంటుంది. నిక్షేపంలా ఉన్న చిన్న బిడ్డని అనవసరంగా రోగిని చేయకుండా ఆపుతుందన్నదీ కాదనలేను. అయినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నాలుగడుగుల తొమ్మిదంగుళాల తల్లికి చిన్న బిడ్డ పుట్టడం మామూలే అని రాసుకున్నాక, ఆమె అంత పొట్టిగా ఎందుకుందన్న ప్రశ్నని కొట్టేసినట్టే కదా! ఆ ఎత్తులో వంశం ఎంతో, అన్నలు తిన్నాక మిగిలింది తిన్న బాల్యం ఎంతో ఏ టేపూ విడదీసి చెప్పదు.

మా అమ్మమ్మ ఏడో నెల దాటాక అన్నం తగ్గించమనేది, బిడ్డ లావైతే కాన్పు కష్టమని. మూఢనమ్మకం అనేయడం చదువుకున్నవాళ్ళకి తేలిక. ఆపరేషన్ అందని ఊళ్ళో కనాల్సిన మనిషి, బిడ్డ బరువుకీ తన ప్రాణానికీ మధ్య ఆడిన బేరం అది. అందులో నాకు అజ్ఞానం కంటే భయమే ఎక్కువ కనిపిస్తుంది.

బీపీ, రక్తహీనత, మాయ సరిగా పనిచేయకపోవడం, కవలలు... కారణాలు చాలానే ఉన్నాయి. పుణె చుట్టుపక్కల పల్లెల్లో 1990లలో మొదలైన అధ్యయనం ఇంకొకటి చూపించింది. ఆకుకూరలు, పాలు, పండ్లు తరచూ తిన్న తల్లుల పిల్లలు కాస్త బరువుగా పుట్టారు. పొలం పని, నీళ్ళు మోయడం, బట్టలుతకడం ఎక్కువైన తల్లుల పిల్లలు చిన్నగా పుట్టారు. తిండి సంగతి గోడల మీద పోస్టర్లకెక్కింది. పని సంగతి ఏ మగవాడి చెవినా పడినట్టు లేదు. పైగా చిన్నగా పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలాక, నలభయ్యేళ్ళ కొడుకు జబ్బుకి కూడా తల్లి గర్భాన్నే బోనెక్కించే వీలు చిక్కింది.

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమృతహస్తం, 2015లో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలయ్యాయి. అంగన్‌వాడీలో ఒకపూట భోజనం, గుడ్డు, పాలు. అక్కడే కూర్చుని తినాలన్నారు. ఇంటికి పంపితే ఆమె నోటికి చేరదని ప్రభుత్వానికీ తెలుసన్నమాట! మంచి పనే, పెట్టాల్సిందే. కానీ బిడ్డకి ఆరు నెలలు నిండాక ఆరోగ్యలక్ష్మి భోజనం ఆగిపోతుంది. ఏడో నెలలో ఆమె ఆకలి ఎవరి ఖాతాలోది? పిల్లల్ని కననని నిర్ణయించుకున్న స్త్రీకి, కనడం ఆగిపోయిన స్త్రీకి గుడ్డు అడగడానికి మన దగ్గరున్న వాదన ఏమిటి? పద్నాలుగేళ్ళ పిల్లకి అడిగినప్పుడు కూడా "రేపటి తల్లి" అనే అడుగుతున్నాం, మన సంఘాల కరపత్రాల్లో సైతం. ఆమెకి ఆకలేస్తోంది కనక పెట్టండి అని రాసిన కరపత్రం నా కంటికింకా కనబడలేదు.