పెద్దకొడుకు వాటా

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు కూలివాడిగా పెట్టుకోమని అడుగుదామని ఇంటికొస్తాడు. ఆ మాట నోట్లో ఉండగానే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పిస్తాడు. మనమందరం విన్నదే. నాకు మాత్రం పెద్దకొడుకు గురించే ఆలోచన. ఆస్తి పంపకం ముందే అయిపోయింది కదా, అంటే విందుకి కోసిన క్రొవ్విన దూడ అతని వాటాలోదే! కోపం రాదా మరి? దేవుని క్షమాపణ ఉచితమే, కానీ అది వచ్చినవాడికి. ఇంట్లో ఉన్నవాళ్లకి ఖర్చే.

మా సింధనూరు వైపు క్యాంపుల్లో, పనికని బెంగళూరు వెళ్లి, తాగుడులో పడి, ఏళ్ల తర్వాత ఎవరైనా చర్చికొస్తే పాస్టరుగారు ఎదురెళ్తారు. చాప మీద జరిగి చోటిచ్చేవాళ్లే తక్కువ. తండ్రి బయటికొచ్చి పెద్దకొడుకుని కూడా బతిమాలాడు. అతను లోపలికెళ్లాడో లేదో యేసు చెప్పలేదు.