పెళ్ళి కాలేదని నీవు సగం మనిషివి కావు



ధ్యాన భాగం: యిర్మీయా 16:1-4, 29:4-7, ఫిలిప్పీయులకు 4:11-16

ప్రియులారా, ఫిబ్రవరి 14 వచ్చింది. రూవిలో గిఫ్టు షాపుల ముందు ఎర్ర బెలూన్లు, మాల్స్‌లో గులాబీలు. అది ఒక ఎత్తు అయితే ఫోన్ తెరవడం ఇంకో ఎత్తు. మనతో పదో తరగతి చదివినవాళ్ళంతా భార్యాపిల్లలతో ఫోటోలు స్టేటస్ పెడతారు. ఇండియా మనకన్నా గంటన్నర ముందు కదా, మనం డ్యూటీ దిగి స్నానానికి లైన్‌లో నిలబడేసరికే ఆ ఫోటోలన్నీ వచ్చేసి ఉంటాయి. క్యాంపు రూమ్‌లో పై మంచం మీద పడుకుని ఒక్కొక్కటీ జరుపుతూ పోతాం. ఈ నాలుగు మాటలు ఆ మంచం మీద ఉన్న నీ కోసమే.

తమ్ముడా, నీకు ముప్పై దాటింది. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు నీ రియాళ్ళతోనే జరిగాయి. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీతో తీరేసరికి కొన్నేళ్ళు పోయాయి. ఇప్పుడు సంబంధం చూద్దామంటే "గల్ఫ్‌లో ఏం పని? ఫ్యామిలీ వీసా ఉందా?" అని అడుగుతున్నారు. చెల్లెమ్మా, నీవు మేడమ్ గారి ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని ఎత్తుకుంటూ, నీ పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాం" అంటున్నావు. ఊరికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న జీతం గురించి, రెండోది పెళ్ళి గురించి. ఇది చిన్న బాధ కాదు. ఆదాము ఒంటరితనం చూసి అది బాగోలేదన్నది దేవుడే. కాబట్టి బాధపడొద్దు అని చెప్పడానికి నేను రాలేదు.

ముందు ఈ రోజు సంగతి చూద్దాం. వాలెంటైన్ అనే ఆయన రోమా కాలంలో విశ్వాసం కోసం చనిపోయిన హతసాక్షి అని చెబుతారు. ఆయన గురించి గట్టిగా తెలిసింది చాలా తక్కువ. అందుకే 1969లో కాథలిక్ సంఘం తన సాధారణ పండుగల పట్టికలోంచి ఆ రోజును తీసేసింది. దీన్ని ప్రేమ జంటలతో కలిపింది ఆయన పోయిన వెయ్యేళ్ళ తర్వాత, 14వ శతాబ్దంలో, ఇంగ్లండు కవి చాసర్ కాలంలో. ప్రాణం పెట్టినవాడి పేరు మీద ఉన్న రోజున, జంట లేనివాడు సిగ్గుపడాల్సిన పని ఏముంది?

1. పెళ్ళి లేని ప్రవక్త రాసిన ఉత్తరం

యిర్మీయాతో దేవుడు, ఈ స్థలంలో నీకు భార్య వద్దు, పిల్లలు వద్దు అన్నాడు. అది శిక్ష కాదు. ఆ దేశం మీదికి కత్తి, కరువు రాబోతున్నాయి, అక్కడ పుట్టే పిల్లలకు గతి ఉండదు కాబట్టి అన్నాడు. యిర్మీయా నవ్వుతూ తిరిగినవాడు కాదు. ఏడ్చాడు, ఒంటరిగా కూర్చున్నాను అని దేవునితోనే మొరపెట్టుకున్నాడు.

తర్వాత ఏం జరిగింది? జనాన్ని చెరపట్టి బబులోనుకు తీసుకుపోయారు. వాళ్ళు బలవంతంగా పోయారు, మనం వీసా తీసుకుని వచ్చాం, అంత తేడా ఉంది. కానీ పరాయి నేల, పరాయి భాష, ఎప్పుడు తిరిగి వెళ్తామో తెలియని బతుకు, ఇవి మనకు తెలిసినవే. వాళ్ళకు యిర్మీయా యెరూషలేము నుండి ఒక ఉత్తరం పంపాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది.

జాగ్రత్తగా చూడండి. తనకు భార్య వద్దని మాట వచ్చినవాడి చేతితోనే దేవుడు పెళ్ళి దీవెన రాయించాడు. ఆ ఉత్తరంలో అసూయ మాట ఒక్కటి లేదు. "నాకు లేనిది మీకెందుకు" అనలేదు. తృప్తి అంటే ఇదే. కన్నీళ్ళు రాకపోవడం తృప్తి కాదు. నాకు ఇంకా రానిది ఎదుటివాడి చేతిలో ఉన్నా, అతన్ని మనసారా దీవించగలగడం తృప్తి.

2. తృప్తి నేర్చుకోవలసిన పని

పౌలు పెళ్ళి లేకుండా సేవ చేసినవాడు. ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసేటప్పుడు సంకెళ్ళలో ఉన్నాడు. తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని అక్కడ నుండి చెప్పాడు. నేర్చుకున్నాడు, అంటే పుట్టుకతో రాలేదు. మన సైట్‌లో హెల్పర్‌గా దిగినవాడు మొదటి రోజే తూకం గుండు పట్టి గోడ నిలబెట్టగలడా? ఇసుక జల్లెడ పట్టి, ఇటుక అందించి, మేస్త్రీ చేత నాలుగు మాటలు పడితే చేయి కుదురుతుంది. తృప్తి కూడా అలాగే. ఈ ఫిబ్రవరికి కొంచెం, వచ్చే ఫిబ్రవరికి ఇంకొంచెం.

ఇంకో సంగతి. అదే అధ్యాయంలో ఫిలిప్పీవాళ్ళు పంపిన సహాయం అందుకుని, నా కష్టంలో పాలుపంచుకుని మంచిపని చేశారు అన్నాడు పౌలు. తృప్తి ఉన్నవాడు తలుపులు మూసుకోడు. పెళ్ళి కోసం ప్రార్థన చెయ్యి, అమ్మానాన్నలకు సంబంధం చూడమని చెప్పు. తప్పు లేదు. అయితే పెళ్ళి అయ్యాకే నా బతుకు మొదలవుతుంది అనుకోకు. ఇప్పుడు నీవు బతుకుతున్నదీ దేవుడిచ్చిన బతుకే. పెళ్ళయిన అన్నల్ని అడిగి చూడు, రెండేళ్ళకోసారి సెలవు దొరికే వాళ్ళకూ రాత్రులు పొడుగే.

3. నీలో ఉన్న ప్రేమను ఎక్కడ పెడుతున్నావు?

సాతాను ఒంటరితనాన్ని చూసి ఊరుకోడు. ముఖం చూపించకుండా ఫోన్‌లో తియ్యగా మాట్లాడి, నెల తిరగ్గానే డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారు. చెల్లెళ్ళారా, పెళ్ళి చేసుకుంటానని పాస్‌పోర్టు కాపీ, ఫోటోలు అడిగేవాళ్ళు ఉన్నారు. ఎన్నడూ ఎదురుగా చూడనివాళ్ళకు ఒక్క రియాల్ కూడా, ఒక్క ఫోటో కూడా పంపొద్దు. మందు సీసా కూడా ఆ రాత్రే "రా" అని పిలుస్తుంది. పొద్దున్నే డ్యూటీ ఉందని దానికి పట్టదు.

నీలో ప్రేమ లేక కాదు కదా ఈ బాధ, ఉన్న ప్రేమ ఎవరికివ్వాలో తెలియక. పక్క మంచం మీద జ్వరంతో ఉన్నవాడికి గంజి కాచి ఇవ్వు. కొత్తగా దిగి, హిందీ రాక బిక్కమొహం వేసుకున్న కుర్రాడికి తోడుగా ఉండు. అమ్మకు ఇమోలో ఫోన్ చెయ్యి, డబ్బు మాట లేకుండా పది నిమిషాలు మాట్లాడు. వీలైతే శుక్రవారం ఆరాధనకు రా. రూవిలో మనం కూడుకునే ఆ స్థలం సుల్తాన్ ఖాబూస్ గారు ఇచ్చినదే. మనది కాని దేశంలో మనకు చోటిచ్చారు. యిర్మీయా చెప్పినట్టు ఈ దేశం క్షేమం కోసం ప్రార్థన చేయడం మన బాధ్యత. మనసు మరీ కుంగిపోతే మాత్రం ఆ రాత్రి ఒక్కడివే ఉండొద్దు. రూమ్‌లో ఒకరిని లేపి చెప్పు. అది బలహీనత కాదు.

సలాలా వైపు పని చేసిన అన్నలకు తెలుసు. ఖరీఫ్ కాలంలో సముద్రం వైపు కొండలన్నీ జల్లుతో పచ్చగా మారతాయి. సాంబ్రాణి చెట్లు ఎక్కువగా పెరిగేది మాత్రం ఆ జల్లు దాటి రాని కొండల వెనక, ఎండిన వాదుల్లో. అలాంటి వాది దౌకాను 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మేలైన సాంబ్రాణి ఆ పొడి వైపుదే అంటారు. జ్ఞానులు బాలయేసు పాదాల దగ్గర పెట్టిన కానుకల్లో సాంబ్రాణి ఒకటి. వాన పడని వైపు నిలబడ్డావని దేవుడు నిన్ను మరచిపోలేదు తమ్ముడా. ఆయనకిష్టమైన సువాసన అక్కడ నుండి కూడా వస్తుంది.

ప్రార్థన: తండ్రీ, ఈ రాత్రి క్యాంపుల్లో, మేడమ్‌ల ఇళ్ళలో ఒంటరిగా ఉన్న నీ బిడ్డలను చూడు. తోడు కోరేవారికి తగిన కాలంలో తోడు ఇవ్వు. అంతవరకు, ఒకవేళ ఇవ్వకపోయినా, నీవే మా భాగమని నేర్పించు. ఇతరుల సంతోషం చూసి సంతోషించే మనసు మాకివ్వు. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ఈ రాత్రి ఒంటరిగా ఉన్న వ్యక్తి ఎవరైనా మీకు గుర్తొస్తే ఈ మాటలు వారికి పంపండి. పంపి ఊరుకోకండి, ఒకసారి ఫోన్ కూడా చేయండి.