రుచికి యజమాని యెవడు?

ఒకడు కష్టపడి కనుగొనినదానిని వేఱొకడు శ్రమలేక యనుభవించుట అన్యాయమని యెల్లరు నంగీకరింతురు. పదిమంది తరతరములుగా చేయుచున్నదానిని ఒకడు తనదని వ్రాయించుకొనుట అంతకంటె చిన్న యన్యాయము కాదు. ఈ రెంటికిని నడుమ త్రోవ చూపుటయే పేటెంటు చట్టముయొక్క పని. ఆ పని యెంత కష్టమైనదో తెలిసికొనుటకు గొప్ప యంత్రములకడకు పోనక్కఱలేదు. బిడ్డలు తిను చాక్లెట్టు చాలును.

అంబాజీపేట ప్రాంతమున కొబ్బరిచెట్ల నీడను కోకో కూడ పెరుగును. కొబ్బరికోరును బెల్లపు పాకమున నుడికించి లౌజు చేయుట కోనసీమ యిల్లాండ్ర కెవరును నేర్పనక్కఱలేదు. ఒక వర్తకుడు ఆ లౌజును చాక్లెట్టు తొడుగులో నుంచి, "ఇది నా కల్పన, ఇరువదేండ్లవఱకు మఱెవ్వరును దీనిని చేయరా"దని యర్జీ పెట్టెననుకొందము. అతనికి మన మేమి చెప్పవలెను?

1970 నాటి పేటెంటుల చట్టము నేటి రూపమున రెండు మాటలు చెప్పుచున్నది. వస్తువులను కలుపగా వాని గుణముల మొత్తముకంటె వేఱొక గుణము పుట్టనిచో ఆ కలయిక కల్పన కాదు. పరంపరాగతమైన విజ్ఞానమును కల్పన కాదు. పూర్వము ఆహారపదార్థమును చేయు విధానమునకే గాని పదార్థమునకు పేటెంటు దొరకకుండెను. 2005లో ఆ యడ్డు తొలగింపబడినది. కావున ఈ విచారణ మునుపటికంటె నవసరమైనది.

అయినను వర్తకుని మాటయు వినవలయును. బెల్లము గాలిలోని తేమను పీల్చును. తేమ సోకిన చాక్లెట్టు కరగించునపుడు ముద్దగట్టును. చక్కెరను గోధుమవన్నె వచ్చువఱకు కాచి చేయు కారమెల్‌ను చాక్లెట్టులో నిలుపువారికిని ఈ తేమయే చిక్కు. స్విట్జర్లాండులోని వెవే పట్టణమున డేనియల్ పీటరు 1875లో పాల చాక్లెట్టు చేసెను. అంతకుముందు పాలు లేవా? చాక్లెట్టు లేదా? రెండును ఉండెను, పాలలోని నీటిని జయించుటయే ఆతని శ్రమ. మన వర్తకుడును గోదావరి వేసవికి నిలుచునట్లు, బెల్లపు తేమ తొడుగునకు సోకనట్లు క్రొత్త యుపాయము కనుగొనెనేని, అతనికి హక్కు కలదు. కాని యది లౌజుమీది హక్కు కాదు; ఆ యుపాయముమీది హక్కు. ఉపాయమును దాచక లోకమునకు తెలిపినందుకు లోక మిచ్చు ప్రతిఫలమది. గడువు తీరినపిమ్మట అది యందఱిది.

"తినుబండారములకు హక్కులేల? అన్నియు సర్వజనుల సొత్తు కావలె"నని కొందఱందురు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనాస్థానమువారు తూర్పుతీరపు పొడుగురకమును గంగబొండముతో సంకరము చేసి, గోదావరి గంగ యను కొబ్బరిని రైతులకిచ్చిరి. అచట శ్రమకు మూల్యము ప్రజలు ముందుగనే చెల్లించిరి. ఫలము ప్రజలదగుట న్యాయము. చిన్న వర్తకుని ప్రయత్నమునకు ముందుగా మూల్య మిచ్చినవారెవరు? హక్కే లేకున్న, అతని యుపాయమును మఱునాడే పెద్ద కార్ఖానా చేకొనును.

ఇక మూడవ తెఱగు హక్కు కలదు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది యొక్కని హక్కు కాదు. ఆ చోటిది, ఆ పనిది. 1999 నాటి చట్టము ప్రకారము అచటి యుత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చును. మేలే. కాని మేమొక ప్రశ్న యడుగుచున్నాము: బోర్లించిన కుండపై పిండినీరు పూసి, సెగకు చేతులొగ్గి రేకు తీయు స్త్రీ పేరు ఆ పట్టికలో నుండునా? లేక పెట్టెమీద పేరచ్చొత్తించినవానిది మాత్రమే యుండునా? ఊరి పేరు రక్షింపబడి, ఊరివారి చేయి కూలికే మిగిలినచో, అన్యాయము రూపు మార్చుకొన్నదే గాని తొలగలేదు.

చదువరులారా, మా యభిప్రాయము స్పష్టము. హక్కు కోరువానిని, "నీవు రాకముందు మాకు లేనిది నీవేమి యిచ్చితివి?" అని యడుగుడు. ఇచ్చినదానికి గడువుగల ప్రతిఫలము నీయుడు; ఈయనిదానికి కాసైన నీయకుడు. తరతరముల నేర్పునకు హక్కు దొరకిన చోట, దాని లాభము పొయ్యికడ కూర్చున్నవారికి చేరినదో లేదో ఏటేట విచారింపుడు. చట్టము తలుపు మాత్రమే తెఱచును. లోనికి పిలువవలసినవారము మనము.