హంతకుడెవరో ముందే తెలిసిపోతే

అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలకి రెండు జబ్బులుండేవి. ఒకటి, ఆఖరి పేజీలు చిరిగిపోయి ఉండడం. రెండోది, ముందు చదివిన మహానుభావుడెవడో ఇరవయ్యో పేజీలోనే ఒక పేరు కింద గీత కొట్టి 'వీడే హంతకుడు' అని బాల్‌పెన్నుతో రాసిపెట్టడం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ, రాజునీ, మధుబాబు షాడోనీ మేం అలాగే చదివాం. లెక్కల పుస్తకం చాటున, అమ్మీ కంట పడకుండా. గీత కొట్టినవాణ్ణి తిట్టుకునేవాళ్లం. కానీ పుస్తకం వదిలేసేవాళ్లం కాదు. వీడెలా దొరుకుతాడా అని చివరిదాకా చదివేవాళ్లం.

అంటే హంతకుడి పేరు తెలిసినంత మాత్రాన ఉత్కంఠ చావదు. దోస్తోయెవ్‌స్కీ 1866లో రాసిన 'నేరము - శిక్ష'లో గొడ్డలి ఎవరి చేతిలో ఉందో మొదటి భాగంలోనే చూసేస్తాం. అయినా ఊపిరి బిగబట్టే చదువుతాం. మరి ఉత్కంఠని చంపేదేది? రచయిత చెప్పకుండానే, ఒక్క ఆధారం చూపకుండానే, పాత్ర గుమ్మంలో అడుగుపెట్టగానే 'వీడే' అని మనకి తెలిసిపోవడం. ఆ తెలివి పుస్తకంలోంచి వచ్చింది కాదు. మనం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నది.

ఇంగ్లీషువాళ్లకీ ఈ రోగం ఉండేది. 1912లో సాక్స్ రోమర్ 'ఫూ మాంచూ' అనే చైనా విలన్ని పుట్టించాడు. ఆ తర్వాత చవకబారు నవలల్లో చైనావాడు కనబడితే చాలు, కథ అయిపోయినట్టే. ఎంతలా విసిగిపోయారంటే, 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాస్తూ, అందులో ఒకటిగా 'కథలో చైనావాడు ఉండరాదు' అన్నాడు. నవ్వొస్తుంది గానీ, ఆ నియమంలో చైనావాడి మీద ప్రేమేమీ కనబడదు. అలాంటి కథల నాసితనం మీద కోపమే కనబడుతుంది. ఆ రోగానికి ఆయన మందు, చైనావాణ్ణే కథలోంచి వెళ్లగొట్టడం!

అగాథా క్రిస్టీ ఇంకా తెలివైంది. ఆవిడ పాఠకుడి దురభిమానాన్నే ఎరగా వాడుకుంది. 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'లో కత్తిపోట్లు చూడగానే రైలు కంపెనీ పెద్దమనిషి ఇటలీవాడి మీద వేలు పెడతాడు. కత్తి అంటే ఇటలీవాడే కదా అంటాడు. ఆ మాట నమ్మిన పాఠకుడు దారి తప్పుతాడు. ఆవిడ డిటెక్టివ్ పాయ్‌రో కూడా పరాయివాడే, బెల్జియం నుంచి వచ్చిన శరణార్థి.

మరి మా సంగతి? తెలుగు నవల చదువుతున్నంతసేపూ 'మనం' అనే అనుకుంటాం. మన డిటెక్టివ్, మన రాజు, మన ఊరు. పదో ప్రకరణంలో కళ్లకి సుర్మా, మెడలో తాయెత్తు, నోట్లో పాన్‌తో ఒకడు వస్తాడు. గీత కొట్టేవాడి బాల్‌పెన్నుతో పనే లేదు. అక్కడే 'మనం' కాస్తా 'మేం' అయిపోతాం.

మా ఇళ్లల్లో ఉర్దూ వచ్చినవాళ్లకి ఇంకో దారి ఉండేది. ఇబ్నే సఫీ. 1952లో అలహాబాద్ నుంచి మొదలైన 'జాసూసీ దునియా'లో డిటెక్టివ్ ఫరీదీ, తోడు హమీద్. దొరా, దొంగా, పోలీసూ చాలామంది అవే పేర్లవాళ్లు కావడంతో పేరుని బట్టి ఏదీ పసిగట్టలేం. పాత్ర నడతే చూడాలి. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అయితే నిజం చెప్పుకోవాలి. ఆయన పేరుమోసిన విలన్ సంగ్ హీ చైనా పోలికలవాడు. చదివేటప్పుడు మాకెవరికీ అది తప్పనిపించలేదు. మేం చైనావాళ్లం కాము గదా!

ఇది చెబితే మిత్రులు అంటారు: అందుకే కదా మంచి ముస్లింని కూడా పెడుతున్నాం అని. పెడుతున్నారు. హీరో కోసం గుండెకి గుండు అడ్డం పెట్టి చచ్చిపోయే ముసలి చాచా. అతను తెర మీదికి రాగానే చస్తాడని తెలిసిపోతుంది. రెండింటిలో ఏదీ మాకొద్దు. పొలం గట్టు తగాదాలో, అన్నదమ్ముల పంపకాల్లో, ఆడదాని మీద అనుమానంతో అందరూ ఎందుకు హత్య చేస్తారో అందుకే హత్య చేసే ముస్లిం కావాలి. అనుమానితుల వరసలో పదిమందితో పాటు పదకొండోవాడిగా నిలబెట్టండి చాలు.

బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ, చెప్పకపోతే పదిహేను సెకన్ల ఆశ్చర్యం - ఇది హిచ్‌కాక్ లెక్క. మాలో ఒకరు బస్సులో పోతుంటే సీటు కింద ఎవరిదో సంచీ కనబడింది. ఎవరిదని కండక్టర్ అరిచాడు. జనం సంచీని ఒకసారి చూసి, గడ్డమున్న మావాణ్ణి నాలుగుసార్లు చూశారు. చివరికి అది నీళ్ల కోసం దిగిన ఒకావిడ టిఫిన్ సంచీ అని తేలింది. సంచీలో ఏముందోనని వాళ్ల భయం. వాళ్ల కళ్లల్లో ఏముందోనని ఇతని భయం.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిదిమంది, తర్వాతి పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. నమాజుకొచ్చినవాళ్లు చచ్చిపోతే, పాతబస్తీ కుర్రాళ్లనే పట్టుకుపోయారు. పేలుడు కేసులో వాళ్లెవరూ దోషులుగా తేలలేదు. 2010లో దర్యాప్తు ఇంకోవైపు తిరిగింది. విచారణకి నిలబడ్డ ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న కోర్టు నిర్దోషులంది. మొదటి పేజీలోనే పేరు కింద గీత కొట్టిన పుస్తకం అది. ఆఖరి పేజీలు లేవు.

మాలో ఒకాయన ఈ మధ్య డిటెక్టివ్ నవల రాయడానికి కూర్చున్నాడు. చిన్న టౌను, రైసు మిల్లు, యజమాని హత్య. ఆరుగురు అనుమానితులు. కథంతా అల్లుకున్నాడు గానీ హంతకుడి దగ్గర ఆగిపోయాడు. ఇస్మాయిల్ అంటే 'మేం ముందే అనుకున్నాం' అంటారు. రమణ అంటే 'కక్ష తీర్చుకున్నాడు' అంటారు. వాడు ఎందుకు చంపాడో, ఎలా చంపాడో, ఆ రాత్రి ఇంటికొచ్చి భార్యతో ఏం మాట్లాడాడో అన్నీ రాసేశాడు. పేరు రావలసిన చోటల్లా చుక్కలు పెట్టుకుంటూ పోతున్నాడు. నూటపది పేజీలయింది.